నవంబర్లో అమ్మా నాన్నగారూ వస్తున్నారు: ఈ ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళు ఎక్కడ తింటారు, ఎక్కడ తాగుతారు?

గోదారిగట్టు_పిల్ల:

అందరికీ నమస్కారమండి. మాది రాజమండ్రి. హైదరాబాద్ వచ్చి రెండేళ్ళయింది. కొండాపూర్‌లో రూము, హైటెక్ సిటీలో ఉద్యోగం. నిజం చెప్పాలంటే ఈ రెండేళ్ళలో నాకు తెలిసిన హైదరాబాద్ ఆ నాలుగు కిలోమీటర్లే. మాల్ పై అంతస్తులో తింటాం, లేకపోతే ఫోన్లో తెప్పించుకుంటాం. చార్మినార్‌కి ఒక్కసారే వెళ్ళాను, అదీ మిట్టమధ్యాహ్నం. గాజులు కొనుక్కుని వచ్చేశాను.

వచ్చే నెల అమ్మా నాన్నగారూ మొదటిసారి నా దగ్గరికి వస్తున్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో శుక్రవారం పొద్దున్నే నాంపల్లిలో దిగుతారు, ఆదివారం సాయంత్రం అదే బండికి తిరుగు ప్రయాణం. అమ్మకి కార్తీకమాసం. ఉల్లి, వెల్లుల్లి మానేసేంత పట్టింపు లేదు గానీ నీచు వండే చోట మంచినీళ్ళు కూడా తాగదు. నాన్నగారు అన్నీ తింటారు. ఆయన పేపరు మిల్లులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు, మెట్లు అసలే ఎక్కలేరు.

నాన్నగారికి ఒక కోరిక ఉంది. 1984లో మిల్లు పనిమీద ఒక్క రోజుకి హైదరాబాద్ వచ్చారట. చార్మినార్ దగ్గర ఎవరో చాయ్ ఇప్పించారట, సాసర్లో పోసుకుని తాగారట. ఆ చాయ్ సంగతి నా చిన్నప్పట్నుంచీ కనీసం వంద సార్లు విన్నాను. ఇంట్లో అమ్మ ఎంత బాగా పెట్టినా "బాగుంది, కానీ అది వేరు" అంటారు. ఆయనకి ఆ చాయ్ మళ్ళీ తాగించాలి.

ఇంటర్నెట్లో చూస్తే అందరూ అవే పది పేర్లు రాస్తున్నారు. ఏది ఎప్పుడు వెళ్ళాలో, పెద్దవాళ్ళకి కూర్చోడానికి వీలుందో లేదో ఎవరూ రాయరు. మీరు మీ ఇంట్లోవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్తారో చెప్పండి, ప్లీజ్.

అశోక్‌నగర్_గది_14:

అక్కా, నేను గ్రూప్స్‌కి చదువుతున్నాను. మూడేళ్ళుగా చిక్కడపల్లి లైబ్రరీ, అశోక్‌నగర్ గది, ఇంతే నా లోకం. మీ పేరెంట్స్‌కి నా లిస్టు పనికిరాదేమో, కానీ ఇది చదివే వేరేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) వాళ్ళు 2014 నుంచి 5 రూపాయలకి భోజనం పెడుతున్నారు. అన్నం, పప్పు లేదా సాంబారు, ఒక కూర, పచ్చడి. మధ్యాహ్నం పన్నెండున్నరకల్లా లైన్లో ఉండాలి, లేటయితే అయిపోతుంది. నెలాఖరులో నా కడుపు నింపింది అదే. ఎక్కడైనా గొప్పగా చెప్పుకుంటాను.

నాన్నగారికి బిర్యానీ కావాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చి. ఆ పేరుతో ఊరంతా హోటళ్ళున్నాయి, అసలుది క్రాస్‌రోడ్స్‌లో ఉన్నదే. ప్రిలిమ్స్ పాసైన రోజు నలుగురం కలిసి వెళ్ళాం. ఒక్క ప్లేటు ఇద్దరికి సరిపోయింది.

ఛత్తాబజార్_కంపోజిటర్:

బిడ్డా, నీ పోస్టు రెండుసార్లు చదివిన. మీ నాయిన పేపర్ మిల్లుల చేసిన్రని రాసినవ్ కద, ఆడ ఆగిపోయిన. నేను ఛత్తాబజార్ల 38 ఏండ్లు ప్రెస్సు పని చేసిన. మొదట సీసం అక్షరాలు పేర్చే కంపోజిటర్ని, తర్వాత ఆఫ్‌సెట్ మిషన్ మీద. ఎక్కువ పెండ్లి పత్రికలే. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు అన్నీ కొట్టినం. రాజమండ్రి కాయితం రీములు మా మడిగె ముంగట ఆటో ట్రాలీలకెల్లి దించుతుంటే భుజం పట్టినోణ్ణి. మీ నాయిన చేతుల మీదికెల్లి వచ్చిన కాయితం మీద నేను అక్షరం కొట్టిన్నో ఏమో. అందుకని నీకు జర వివరంగ రాస్త.

నేను పుట్టింది లాల్‌దర్వాజల, ఇప్పటికీ ఉంటున్నది ఆడనే. అమ్మవారి గుడికి నాలుగు గల్లీల అవతల. మాది తెలుగు ఇల్లు, పక్కిల్లు ఉర్దూ ఇల్లు. రెండిండ్ల పొయ్యిల వాసనల మధ్యన పెరిగిన.

ఈ ఊర్ల తినేటోళ్ళు "ఏ హోటల్ మంచిది" అని అడుగరు, "ఈ యాళ్ళకు ఏం దొరుకుతది" అని అడుగుతరు. నహారీకి, అదే మాంసం పులుసుకు, పొద్దుగాల ఆరు. చాయ్‌కి పొద్దుగాల, మల్ల నాలుగు గంటలు. బిర్యానికి పగటిపూట. మిఠాయికి, ఐస్‌క్రీంకు పొద్దుగూకినంక. హలీంకు ఏడాదిల ఒక నెల. యాళ్ళ తప్పిందా, అదే దుకాణం, అదే వంటాయన, గని రుచి ఉండది. నువ్వు మిట్టమధ్యాహ్నం చార్మినార్‌కు పోయినవ్, గాజులు తప్ప ఏం దొరుకుతయి చెప్పు.

ముందు శుక్రవారం సంగతి. ఆ రోజు చార్మినార్ దిక్కు పోవద్దు. మక్కా మసీదుల జుమ్మా నమాజు ఉంటది, పగటీలి రోడ్డు కిటకిటలాడుతది, మీ నాయిన మోకాళ్ళతోటి ఆ మందిల నిలవడలేరు. నాంపల్లిల దిగంగనే ఆబిడ్స్‌ల తాజ్‌మహల్ హోటల్‌కు తోలుకపో, ఆటోల పది నిమిషాలు గూడ పట్టది. పూర శాకాహారం. మీ అమ్మ నిమ్మళంగ కూసొని ఇడ్లి తిని కాఫీ తాగొచ్చు. మా అమ్మ ముసలితనంల గుడి ప్రసాదం, ఇంటి అన్నం తప్ప బయట ముట్టిన ఒకే ఒక జాగ అది. ఆనాడంత ఇంటికి పోయి పండుకోనియ్యి. రైల్ల నిద్ర నిద్ర గాదు.

అసలు రోజు శనివారం. పొద్దుగాల ఆరున్నరకు చార్మినార్ కాడ ఉండాలె. నువ్వు కొండాపూర్‌కెల్లి ఐదున్నరకు బయలెల్లాలె, క్యాబ్ ముందు రోజు రాత్రే చెప్పుకో. ఆ యాళ్ళకు చార్మినార్ చుట్టూ పావురాలు, ఊడ్చెటోళ్ళు, చాయ్ తాగెటోళ్ళు ఉంటరు, ఇంకెవ్వలుండరు. 1591ల కట్టిన దాన్ని ఆ టైంల చూస్తే ఒక తీరుగుంటది.

చాయ్‌కి నిమ్రా కేఫ్. చార్మినార్ పక్కకే, మక్కా మసీదు దిక్కు. చాయ్, పక్కన భట్టిలకెల్లి వచ్చే బిస్కిట్లు. ఉస్మానియా బిస్కిట్ తెలుసు కద, తియ్యగ ఉంటది, ఆఖర్ల జరంత ఉప్పు తగుల్తది. అది వేడి వేడిగ దొరికెటప్పుడు తినాలె, పేకెట్‌లది వేరే సంగతి. ఫైన్ బిస్కిట్ గూడ తీస్కో, చాయ్‌ల ముంచంగనే పొరలు పొరలుగ మెత్తవడుతది. ఆడ కూసునుడు తక్కువ, బల్ల కాడ నిలవడి తాగుడే ఎక్కువ. మీ నాయినకు స్టూల్ కావాలని అడుగు, పెద్దమనిషని చెప్తే ఎవ్వలు కాదనరు.

ఇరానీ చాయ్ ఇంట్ల ఎందుకు రాదో చెప్త, మీ అమ్మ మనసు గూడ తేలికైతది. మనం ఇంట్ల నీళ్ళు, పాలు, పత్తి, చక్కెర ఒకే గిన్నెల పోసి మసలపెడ్తం. వాళ్ళు డికాక్షన్ వేరే పెడ్తరు. నీళ్ళల్ల చాయ్‌పత్తి ఏసి, మూత బిగించి, ఆవిరి బయటికి పోకుండ సన్నని సెగ మీద శానసేపు ఉంచుతరు. బిర్యానికి పెట్టినట్టే దానికి గూడ దమ్ పెడ్తరు. పాలు ఇంకో గిన్నెల మరిగి మరిగి చిక్కవడుతయి. గిరాకి వచ్చినంకనే రెండు కప్పుల కలుస్తయి. అందుకే ఒగరు, తీపి, మీగడ మూడు విడివిడిగ నాలికె మీదికి వస్తయి. ఇరాన్‌కెల్లి బొంబాయి, పూనా మీదికెల్లి వచ్చినోళ్ళు ఈ ఊర్ల హోటళ్ళు పెట్టిన్రు, గట్ల వచ్చింది మనకు ఈ చాయ్. మీ నాయినకు కప్పు సాసర్ల ఇయ్యమని మరువకుండ అడుగు. కాయితం కప్పుల తాగితే 1984 రాదు.

చాయ్ అయినంక గుల్జార్ హౌజ్ దిక్కు నడువుండ్రి. మూడు నాలుగు వందల అడుగులే, మెల్లగ నడువొచ్చు. ఆడ చార్‌కమాన్ గల్లీల గోవింద్ దోశ బండి ఉంటది. అంత శాకాహారమే. పెనం మీద ఇడ్లిని చిదిమి, నెయ్యి, కారంపొడి ఏసి కాలుస్తరు. దోశ మీద ఉప్మా పరిచి, టమాట, వెన్న ఏసి చెక్కతోటి అంత కలిపి మెత్తుతరు. మీ గోదావరి జిల్లా పెసరట్టు ఉప్మా తిన్న నోటికి ఇది వింతగ ఉంటది గని తప్పు లేదు. వెన్న తక్కువ ఏయమని ముందే చెప్పు. పొద్దుగాలనే బండి, పగటిపూట పోతే ఉండది.

నహారీ సంగతి మీ నాయినకు చెప్పాల్నా వద్దా అని ఆలోచించిన. చెప్త. లగ్గాల సీజన్ల మాకు రాత్రంత పని ఉంటుండె. ముహూర్తాలు దగ్గరపడితే ఒక్క రాత్రిల ఐదారు వేల పత్రికలు దిగాలె. మా మడిగెల కాతిబ్ సాబ్ ఉండె. కలం చెక్కుకొని ఉర్దూ పత్రికలన్నీ చేతితోటి రాసెటోడు. మేం రాసిన తెలుగు పక్కపొంటి ఆయన రాత చూస్తే అక్షరం నడిచినట్టు ఉంటుండె. తెల్లారగట్ల చేతులు కిరసనాయిల్‌తోటి కడుక్కొని ఇద్దరం మదీనా చౌరస్తా దిక్కు నడిచి షాదాబ్ హోటల్‌కు పోతుంటిమి. రాత్రంత సన్నని సెగ మీద ఉడికిన నహారీ, మేకకాళ్ళ పాయా, కుల్చా రొట్టె. నాకు తినుడు ఆయనే నేర్పిండు. "ముందు సగం నిమ్మకాయ పిండు, తర్వాత పైన తేలే నూనె పక్కకు జరుపు, కుల్చాను పూర ముంచకు, అంచు మాత్రమే తడుపు" అనెటోడు. కంప్యూటర్ వచ్చినంక ఆయన కలం పక్కకు పెట్టిండు. ఇద్దరికీ పని పోయింది గని సోపతి పోలే. ఇప్పటికీ శుక్రవారం నమాజు అయినంక నాలుగింటికి మదీనా కాడ చాయ్‌కి కలుస్తం.

నహారీతోటి చార్ కోనీ నాన్ తినాలంటే పురానీ హవేలీ గల్లీలకు పోవాలె. నాలుగు మూలల నాన్, తందూరు గోడకు కొట్టి కాలుస్తరు, 1851కెల్లి నడుస్తున్న పని అది. ఇప్పుడు మెట్రో కోసం ఆ దిక్కు రోడ్డు వెడల్పు చేస్తున్నరు, దుకాణాలు జరుగుతున్నయి. అడిగినోళ్ళకు దారి చూపిస్తరు.

బిర్యాని సంగతి ఇగ తక్కువ రాస్త, ఊరంత అదే రాస్తున్నరు కాబట్టి. పగటీలి పన్నెండున్నరకు తినాలె. అప్పుడే మొదటి దేగ్, అదే పెద్ద వంటగిన్నె, మూత తీస్తరు. పచ్చిమాంసం, సగం ఉడికిన బియ్యం కలిసి మగ్గిన ఆవిరి అప్పుడే పైకి వస్తది. రాత్రి పదింటికి తినేది మల్ల వేడి చేసినట్టు ఉంటది నాకైతే.

పొద్దుగూకినంక మొజంజాహి మార్కెట్ రాస్త, ఇప్పుడు మనుమడు ట్యూషన్‌కెల్లి వచ్చే టైమైంది.

చిలకలగూడ_క్వార్టర్స్:

అన్నా, మీరు రాసింది చదువుతుంటే ఆకలేసింది. కానీ ఒక్క మాట కాదనాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన్ని తెల్లారగట్ల పాతబస్తీ దాకా తీసుకెళ్ళి నిలబెట్టడం ఎందుకు? గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి కంటే ముందు సికింద్రాబాద్‌లోనే ఆగుతుంది. స్టేషన్ ఎదురుగానే ఆల్ఫా హోటల్. కూర్చుని తాగొచ్చు.

మా నాన్న రైల్వేలో డ్రైవరు. గూడ్స్ బండి దిగి, టిఫిన్ డబ్బా పెట్టె ఒక చేతిలో, ఉస్మానియా పొట్లం ఒక చేతిలో ఇంటికొచ్చేవాడు. ఆ పొట్లం చప్పుడుకే మేం నలుగురం లేచేవాళ్ళం. నాకు చాయ్ అంటే సికింద్రాబాదే. ప్యారడైజ్ కూడా మా వైపుదే, 1953లో టాకీసు పక్కన చాయ్, సమోసాలతో మొదలైంది, ఇవాళ అందరూ బిర్యానీ పేరే చెబుతారు.

గోదారిగట్టు అమ్మాయీ, మీ అమ్మగారి కోసం ఇంకోటి. శనివారం పొద్దున మోండా మార్కెట్‌కి తీసుకెళ్ళండి. తినడానికి కాదు, చూడ్డానికి. ఆకుకూరలు, పూలు, అరిటాకులు. మా అమ్మ ఏ ఊరు వెళ్ళినా ముందు కూరగాయల ధరలు అడిగేది, మీ అమ్మగారూ అంతే అయ్యుంటారు.

గోదారిగట్టు_పిల్ల:

అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. మా అమ్మ అచ్చం అంతే, ఏ ఊరెళ్ళినా వంకాయల ధర కనుక్కోవాల్సిందే!

కంపోజిటర్ గారూ, మీ పోస్టు నాన్నగారికి ఫోన్లో చదివి వినిపించాను. మిల్లు సంగతి దగ్గర మళ్ళీ చదవమన్నారు. నాకు రెండు సందేహాలు. శనివారం మధ్యాహ్నం నాన్నగారికి బిర్యానీ పెట్టిస్తే అమ్మ సంగతి ఏంటి? అమ్మ ఆ హోటల్ లోపలికి రాదు, బయట ఒక్కతినీ నిలబెట్టలేను. ఇంకోటి, నేనూ నాన్నగారూ ఇద్దరమే వెళ్తే ఆ హోటళ్ళలో ఆడపిల్లలు మామూలుగా కూర్చుంటారా? నేను ఒకసారి ఒక పాత చాయ్ హోటల్‌కి ఒక్కదాన్నే వెళ్తే అందరూ తిరిగి చూశారు, తాగకుండానే వచ్చేశాను.

ఛత్తాబజార్_కంపోజిటర్:

చిలకలగూడ చెల్లె చెప్పింది ఖరే. ఆల్ఫా చాయ్ మంచిదే, కూసునే జాగ గూడ ఉంటది. నేను కాదన. కాకపోతే ఆయన అడిగింది చార్మినార్ కాడి చాయ్ కద. నలభై ఏండ్లు మనసుల పెట్టుకున్నది, పది నిమిషాలు నిలవడతరు. మోకాళ్ళకు శుక్రవారమంత ఆరాం ఇయ్యమన్నది అందుకే.

బిడ్డా, నువ్వు తాగకుండ లేచి వచ్చినవని చదివితే పానం కలుక్కుమన్నది. నా చిన్నప్పుడు నిజంగనే చాయ్ హోటళ్ళల్ల ఆడోళ్ళు కనపడకపోతుండె. మా అమ్మ చాయ్ తాగాలంటే నేను కేతిల్ పట్టుకపోయి తెస్తుంటి. ఇప్పుడు మారింది. నిమ్రా కాడ కాలేజి పిల్లలు, నఖాబ్ ఏసుకున్న ఆడోళ్ళు, బయట దేశపోళ్ళు అందరు ఒక్క బల్ల కాడనే తాగుతరు. షాదాబ్‌ల ఫ్యామిలీతోటి వచ్చినమని చెప్పు, ఆ జాగ చూపిస్తరు. ఎవ్వలన్న చూస్తే చూడనియ్యి, నీ చాయ్ నువ్వు తాగి లెవ్వు. నా బిడ్డకు గూడ గిదే చెప్పిన.

మీ అమ్మ సంగతికి ఉపాయం ఉన్నది. బిర్యాని శనివారం వద్దు, ఆదివారం పెట్టుకో. ఆదివారం పగటీలి మీ నాయినకు బిర్యాని కొండాపూర్ రూముకే పార్సిల్ తెప్పియ్యి, అమ్మకు వేరే భోజనం తెప్పియ్యి. పార్సిల్ రుచి తక్కువైతది, తెలుసు. ఆలుమగలు ఒక్క దగ్గర కూసొని తినుడు ముఖ్యం.

ఇగ శనివారం పొద్దుగూకినంక మొజంజాహి మార్కెట్. నల్లరాయి కట్టడం, 1935ల ఏడో నిజాం రెండో కొడుకు పేరు మీద కట్టిన్రు. మధ్యల శాన ఏండ్లు పాడుబడ్డట్టు ఉండె, బోర్డులు, వైర్లు, మురికి. 2020ల మంచిగ చేసిన్రు, గడియారం గూడ నడుస్తున్నది. లోపల ఖుల్లా జాగల కుర్చీలు ఏసి ఐస్‌క్రీం ఇస్తరు, ఫేమస్ ఐస్‌క్రీం. పండ్ల ఐస్‌క్రీం మాత్రమే తినుండ్రి. ఎండాకాలం మామిడి, ఇప్పుడు సీతాఫలం. నవంబర్ అంటే సీతాఫలం ఆఖరికి వస్తది, ఉన్నదా అని అడిగి కూసోండ్రి. పండు గుజ్జు గింజలు తీసి ఏస్తరు, పండు తిన్నట్టే ఉంటది. మీ నాయిన కూసోవచ్చు, మీ అమ్మ తినొచ్చు, మెట్లు లేవు. ముగ్గురికి పనికొచ్చే జాగ ఈ ఊర్ల నాకు తెలిసినంతల అదే.

మార్కెట్ ఎదురుంగ హమీదీ దుకాణంల జౌజీ హల్వా ఉంటది. గోధుమలను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి చేసి, పాలు, నెయ్యి ఏసి గంటలకొద్ది కలిపితే ముదురు రంగు వస్తది. జౌజ్ అంటే జాజికాయ. వంద గ్రాములు తీస్కోండ్రి, శాన నెయ్యి ఉంటది. మా పెద్దోడు పుట్టినప్పుడు కాతిబ్ సాబ్ ఇంటికి తెచ్చింది ఇదే, మా ఆమెకు బాలింతతనంల బలం అని. ఆ డబ్బా మొన్నమొన్నటిదాక మా ఇంట్ల పోపుల డబ్బగ ఉండె.

ఊరికి కట్టియ్యడానికి కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కిట్లు, ఆ మార్కెట్ కాడనే. దేశం ముక్కలైనప్పుడు సింధ్‌కెల్లి వచ్చిన కుటుంబం 1953ల పెట్టిన బేకరీ. ఉస్మానియా అయితే నాంపల్లి సుభాన్ బేకరీ, ఆదివారం స్టేషన్‌కు పోయే తొవ్వలనే పడుతది. మొహర్రం నెలల దమ్ కా రోట్ అనే తియ్యటి రొట్టె గూడ ఆడనే తీస్కుంటం మేం.

మీ నాయినకు ఓపిక ఉంటే శనివారం దోశ అయినంక ఛత్తాబజార్ గల్లీ చూపియ్యి. మదీనా కాడికెల్లి దగ్గరనే. పెండ్లి పత్రికల దుకాణాలు పదింటికి తెరుస్తరు. కాయితం చూసుడు ఆయనకు తెలుసు, నువ్వు పక్కన నిలవడు చాలు.

అశోక్‌నగర్_గది_14:

కంపోజిటర్ పెద్దనాన్నా, ఇవి అన్నీ ప్రింట్ తీసి గది గోడకి అంటించుకుంటా. జనవరిలో మా అమ్మని తీసుకొస్తా. నుమాయిష్, అదే నాంపల్లి ఎగ్జిబిషన్, అప్పుడు ఉంటుంది కదా, జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా. అక్కడ ఏం తినాలో కూడా అప్పుడు రాయండి.

గోదారిగట్టు_పిల్ల:

నమస్కారమండి. నిన్న సాయంత్రం బండి ఎక్కించి వచ్చాను. అందరికీ చెప్పాలని రాత్రే కూర్చున్నాను గానీ ఏడుపొచ్చి రాయలేకపోయాను.

శనివారం ఆరూ నలభైకి చార్మినార్ దగ్గర దిగాం. మంచు పల్చగా ఉంది. స్టూల్ అడిగితే లోపల్నుంచి ఒకాయన కుర్చీయే తెచ్చి వేశాడు. అమ్మ కొంచెం దూరంగా, పావురాలకి జొన్నలు అమ్మే ముసలావిడ పక్కన కూర్చుంది. నాన్నగారు కప్పులో చాయ్ సాసర్లోకి వంచుకున్నారు, చెయ్యి కొంచెం వణికింది. ఊదుకుని తాగారు. రెండో గుక్క కూడా తాగాక "అప్పుడు చక్కెర ఇంకొంచెం ఎక్కువుండేది" అన్నారు. ఇంకో చాయ్ తెమ్మన్నారు. మొత్తం మూడు తాగారు. మూడోది సాసర్లో పోసి నాకిచ్చారు.

అమ్మకి బండి మీద దోశ నచ్చలేదు, వెన్న ఎక్కువైందంది. ఇడ్లీ మాత్రం రెండు ప్లేట్లు తింది. "కారప్పొడిలో ఏం వేశారో కనుక్కో" అని నన్ను పంపింది. ఆయన నవ్వి చెప్పలేదు. సీతాఫలం ఐస్‌క్రీం దొరికింది, అమ్మ నాన్నగారి కప్పులోది కూడా సగం తినేసింది. జౌజీ హల్వా అయితే రాజమండ్రిలో మా పిన్నికి పంచడానికి అరకిలో కొంది.

ఛత్తాబజార్లో మూడో దుకాణంలో నాన్నగారు ఒక పెళ్ళి పత్రిక తీసుకుని మూల కొంచెం వంచారు, ట్యూబ్‌లైటుకి ఎత్తి చూశారు, బొటనవేలితో రుద్దారు. "నూట ఇరవై జీఎస్‌ఎం" అన్నారు, అంటే చదరపు మీటరు కాగితం బరువు నూట ఇరవై గ్రాములని. దుకాణం అబ్బాయి నమ్మలేదు. లోపలికెళ్ళి రీము మీద చీటీ చూసొచ్చి, ఆయన్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. ఆ రోజుకి అది నాలుగోది.

కంపోజిటర్ గారూ, నాన్నగారు మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. మీ దుకాణానికి రీములు ఏ సైజులో వచ్చేవి, డెమ్మీయా, డబుల్ క్రౌనా?

ఛత్తాబజార్_కంపోజిటర్:

డబుల్ డెమ్మీ బిడ్డా. పత్రికల కాయితం వేరే వస్తుండె, కరపత్రాలకు, బిల్లు పుస్తకాలకు డబుల్ డెమ్మీ. మీ నాయినకు చెప్పు, కొన్ని రీముల మీద గోనెపట్టా తడిసి వస్తుండె, పై పది షీట్లు తీసి మా పిల్లల నోటుబుక్కులు కుట్టిస్తుంటి.

నీ పోస్టు కాతిబ్ సాబ్‌కు చదివి వినిపించిన. సాసర్ నీకిచ్చిన కాడ ఆయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. మల్ల వచ్చినప్పుడు శుక్రవారం నాలుగింటికి మదీనా కాడికి తోలుకరా. ఇద్దరం ఆడనే ఉంటం.